అడవి దారిలో అలికిడి: ఎప్పుడు మాట్లాడాలి? ఎప్పుడు మౌనంగా ఉండాలి?



మన పల్లెల్లో పెద్దవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు తలుపు తీసే ఉన్నా చటుక్కున లోపలికి అడుగుపెట్టేవారు కాదు. గుమ్మం దగ్గర ఆగి ఒకసారి దగ్గేవారు, లేదా "ఎవరండీ ఇంట్లో?" అని పలకరించేవారు. లోపలివాళ్ళు సర్దుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వడమే ఆ దగ్గుకు అర్థం. అడవి దారిలో నడిచే మనిషి చేయవలసిన శబ్దం గురించి ఈ పాఠంలో చెప్పుకోబోయేదంతా ఆ చిన్న దగ్గులోనే ఉంది. గుమ్మంలో దగ్గడం మర్యాద. ఇంట్లోకి వెళ్ళి అరవడం అమర్యాద. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో శాస్త్రరీత్యా పరిశీలిద్దాం.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు మూడు విషయాలు చెప్పగలగాలి. ఒకటి, శబ్దం అడవి జంతువు ప్రవర్తనను ఎలా మారుస్తుంది? రెండు, ఏ జంతువు విషయంలో శబ్దం మేలు చేస్తుంది, ఏ జంతువు విషయంలో కీడు చేస్తుంది? మూడు, మన భద్రతకూ జంతువుల ప్రశాంతతకూ పొత్తు ఎలా కుదురుతుంది?

1. భిలాయి నుంచి బయలుదేరితే

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో వైశాలి నగర్ అనే పేట ఉంది. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పని మొదలుపెట్టింది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి, ఇతర తెలుగు ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు రెండు రకాల కొండదారులు పరిచయం. మొదటిది దగ్గరలోని డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారి కొండ, వెయ్యికి పైగా మెట్లు. రెండవది సెలవుల్లో సొంత ఊరికి వెళ్ళినప్పుడు ఎక్కే తిరుమల కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు.

ఛత్తీస్‌గఢ్‌లో సగానికి దగ్గరగా అడవే. అందులో ఎలుగుబంట్లు, చిరుతలు, ఏనుగులు ఉన్నాయి. ఒకప్పుడు ఉత్తర జిల్లాలకే పరిమితమైన ఏనుగుల గుంపులు ఇటీవలి సంవత్సరాలలో మహాసముంద్, ధమ్‌తరి, బాలోద్ జిల్లాల వైపు కూడా వచ్చాయి. భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజాన్ని పంపిన దల్లీ రాజహరా గనులు ఉన్నది బాలోద్ జిల్లాలోనే. కాబట్టి ఇది ఎక్కడో దూరాన జరిగే ముచ్చట కాదు. మన ఇంటికి ఇనుము వచ్చిన దారిలోని సంగతి.

2. ఎదురుపడటమే అసలు ప్రమాదం

అడవి జంతువు మనిషి మీద దాడి చేసిందనగానే అది వేటాడటానికి వచ్చిందని అనుకుంటాం. చాలా సందర్భాలలో అది నిజం కాదు. అనుకోకుండా, అతి దగ్గరగా ఎదురుపడటమే దాడికి ముఖ్యకారణం. దీనికి మంచి ఉదాహరణ ఎలుగుబంటి.

ఎలుగుబంటికి ముక్కు చురుకు, చూపు మందం. దాని ముఖ్యాహారం చెదపురుగులు, చీమలు, పండ్లు. పుట్టను గోళ్ళతో తవ్వి, మూతి లోపలికి దూర్చి, గాలిని బలంగా ఊది మట్టిని తొలగించి, చెదపురుగులను పీల్చుకుంటుంది. ఆ ఊదుడు, పీల్పుల చప్పుడు మనకు చాలా దూరం వినిపిస్తుంది. అంత చప్పుడు చేస్తూ, తల పుట్టలో పెట్టుకున్న జంతువుకు మన అడుగుల సవ్వడి ఎలా వినిపిస్తుంది? తల ఎత్తేసరికి మనిషి పది అడుగుల దూరంలో ఉంటాడు. పారిపోవడానికి వ్యవధి లేదనుకున్న ఎలుగుబంటి ఎదురుతిరుగుతుంది. తల్లి వీపు మీద పిల్లలుంటే ప్రమాదం మరీ ఎక్కువ.

ఛత్తీస్‌గఢ్‌లోని ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని లెక్క కట్టారు. 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు వరకు, అంటే మూడేళ్ళు కూడా నిండకుండా, అక్కడ మనుషులపై 137 ఎలుగుబంటి దాడులు జరిగాయి. 11 మంది మరణించారు. దాడులు పెరటి తోటల్లో, పొలాల్లో, అడవి అంచుల్లో, అటవీ ఉత్పత్తులు ఏరుకునే చోట్ల జరిగాయి. ఇప్పపువ్వు రాలే రోజులు తలచుకోండి. తెల్లవారుజామున చెట్టు కిందికి బుట్ట పట్టుకుని మనిషి వెళతాడు. అదే పువ్వు కోసం, అదే చెట్టు కిందికి, అదే వేళకు ఎలుగుబంటి కూడా వస్తుంది. ఇద్దరి తలలూ నేలవైపు వంగి ఉంటాయి. ఒకరి రాక ఒకరికి తెలియదు. అక్కడ ఒక మాట, ఒక పాట, ఒక కర్ర చప్పుడు ప్రాణాలు కాపాడుతుంది.

3. శబ్దం ఎంత దూరం వెళుతుంది?

ఇక్కడ మనం భౌతికశాస్త్రం సహాయం తీసుకుందాం. ఆరుబయట ధ్వని అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది కనుక, దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని స్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. అది 2 మీటర్ల దగ్గర 54, 4 మీటర్ల దగ్గర 48, 8 మీటర్ల దగ్గర 42 డెసిబెల్స్ అవుతుంది.

ఇప్పుడు పక్కన వాగు పారుతోందనుకోండి. దాని హోరు 50 డెసిబెల్స్ అనుకుందాం. అప్పుడు మన సంభాషణ నాలుగు మీటర్లు దాటకముందే ఆ హోరులో కలిసిపోతుంది. అదే చోట ఒక మీటరు దగ్గర 80 డెసిబెల్స్ ఉండేలా గట్టిగా కేక వేస్తే? 2 మీటర్లకు 74, 4కు 68, 8కి 62, 16కు 56, 32 మీటర్లకు 50. అంటే వాగు పక్కన కూడా కేక ముప్పై మీటర్ల వరకు నిలబడుతుంది. పది అడుగుల్లో ఎదురుపడటానికీ, ముప్పై మీటర్ల ముందే తెలియడానికీ ఉన్న తేడాయే ప్రాణానికీ గాయానికీ మధ్య ఉన్న తేడా.

ఈ లెక్క నుంచి నాలుగు ఆచరణ సూత్రాలు వస్తాయి.

మొదటిది: దారి పొడవునా అరవనక్కరలేదు. మలుపుల దగ్గర, పొదలు దట్టంగా ఉన్నచోట, వాగుల పక్కన, గాలి మనకు ఎదురుగా వీస్తున్నప్పుడు గొంతు పెంచాలి. ఎదురుగాలిలో మన వాసన ముందున్న జంతువుకు చేరదు. మన శబ్దం కూడా తక్కువగానే చేరుతుంది.

రెండవది: మనిషి గొంతు, చప్పట్లు నమ్మదగినవి. అమెరికా, కెనడాలలో కొందరు కొండదారుల్లో సంచికి చిరుగంటలు కట్టుకుంటారు. గంటల సన్నని చప్పుడు ఆకుల మధ్య త్వరగా అణగారిపోతుంది. ఎలుగుబంటికి ఆ శబ్దం మనిషిదని కూడా తెలియకపోవచ్చు. అందుకే అక్కడి అధికారులు గంటల కంటే మాటను, కేకను నమ్ముకోమంటారు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో ముగ్గురికి తక్కువ కాకుండా కలిసి నడవమని, ఎలుగుబంట్లకు 100 గజాల దూరం పాటించమని సలహా.

మూడవది: చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవకూడదు. శబ్దం రెండువైపుల వ్యవహారం. మనం వినిపించాలి, మనమూ వినాలి. కోతుల, జింకల హెచ్చరిక కూతలు, పుట్ట తవ్వే చప్పుడు, వెదురు విరిగే ఫెళఫెళలు అడవి మనకు ఇచ్చే సమాచారం.

నాలుగవది: స్పీకర్లో పాటలు పెట్టడం దీనికి బదులు కాదు. ఆ మోతలో మనకే ఏదీ వినపడదు.

4. తిరుమల దారి చెప్పిన పాఠం

శేషాచలం అడవిలో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. దాని నడుమనే భక్తుల నడకదారి సాగుతుంది. 2023 జూన్ 22 రాత్రి అలిపిరి దారిలో ఒక చిన్న పిల్లవాడిని చిరుత నోట కరచుకుని పొదల్లోకి లాక్కుపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు వేస్తూ వెంటపడ్డారు. చిరుత పిల్లవాడిని వదిలి పారిపోయింది. పిల్లవాడు గాయాలతో బతికాడు.

ఏడు వారాల తర్వాత, ఆగస్టు 11 రాత్రి, అదే దారిలో కుటుంబంతో కొండెక్కుతున్న ఆరేళ్ళ పాప కనిపించకుండా పోయింది. మర్నాడు ఉదయం ఆమె మృతదేహం అడవిలో దొరికింది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. వేలమంది నడిచే దారి, మెట్లు, దీపాలు, గుడులు చూస్తే అక్కడ అడవి ఉందన్న తలంపే ఎవరికీ రాదు. అడవి మాత్రం మెట్లకు రెండడుగుల అవతలే ఉంది.

ఈ ఘటన తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం, అటవీ శాఖ కలిసి కొన్ని ఏర్పాట్లు చేశాయి. 15 ఏళ్ళ లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలోకి అనుమతించకూడదని ఆ ఆగస్టులో నిర్ణయించారు. భక్తులను గుంపులు గుంపులుగా, భద్రతా సిబ్బంది తోడుతో పంపారు. చేతికర్రలు ఇచ్చారు. దారిలో జంతువులకు ఆహారం పెట్టవద్దన్నారు. బోనులు పెట్టి అనేక చిరుతలను పట్టుకున్నారు.

ఈ ఏర్పాట్లలో శాస్త్రం ఎక్కడుందో గమనించండి. చిరుత ఒంటరిదాన్ని, చిన్నదాన్ని, వంగి ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. సంధ్యవేళ నుంచి తెల్లవారేవరకు దానికి అనుకూలం. గుంపు, వెలుగు, గొంతు ఈ మూడూ ఉంటే అది తప్పుకుంటుంది. కాబట్టి పిల్లలు పెద్దల నడుమ, చేయి అందే దూరంలో నడవాలి. ముందుకు పరుగెత్తకూడదు, వెనుక మిగిలిపోకూడదు. ఇక ఆహారం సంగతి. దారి పక్కన పడేసిన తిండి కోసం కుక్కలు, పందులు, జింకలు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. మనం విసిరే ఒక్క అరటితొక్క చివరికి ఎవరిని పిలుస్తుందో ఆలోచించాలి.

తిరుమల మెట్ల మీద గోవింద నామం, శబరిమల అడవి దారిలో శరణుఘోష, నల్లమలలో సలేశ్వరం జాతరకు వెళ్ళేవారి "వస్తున్నాం లింగమయ్యా" అన్న పిలుపు మనందరికీ తెలిసినవే. ఇవి భక్తితో పుట్టినవి. జంతువుల కోసం పుట్టాయని చెప్పలేం. అయినా గుంపుగా, ఆగి ఆగి, మనిషి గొంతుతో పలికే ఆ నామాలు నేటి వన్యప్రాణి నిపుణులు చెప్పే సలహాకు సరిగ్గా సరిపోతున్నాయి. మైకులో మోగే మోతకు ఈ గుణం లేదు.

5. మనిషి గొంతు అంటే జంతువుకు ఎంత భయం?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ ఉద్యానవనంలో జరిగిన ఒక ప్రయోగం 2023లో ప్రచురితమైంది. నీటి గుంటల దగ్గర స్పీకర్లు, కెమెరాలు అమర్చి, జంతువులు దగ్గరికి రాగానే రకరకాల శబ్దాలు వినిపించారు. కొన్నిసార్లు సింహాల గొంతు, కొన్నిసార్లు కుక్కల అరుపులు, తుపాకి పేలుళ్ళు, కొన్నిసార్లు మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు. పందొమ్మిది జాతుల జంతువులను పరిశీలించారు. సింహం గొంతుకంటే మనిషి మాటలు విన్నప్పుడే జంతువులు దాదాపు రెట్టింపుగా పరుగుతీశాయి. నీటిని వదిలి మరింత త్వరగా వెళ్ళిపోయాయి.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవాలి. మొదటిది మనకు ధైర్యమిచ్చేది: అరుపులు అవసరం లేదు, మామూలు మాటకే చాలా జంతువులు తప్పుకుంటాయి. రెండవది మనల్ని ఆలోచింపజేసేది: దాహంతో వచ్చిన జంతువు మన మాట విని నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. ఎండాకాలంలో అడవిలో నీరు ఒకటి రెండు చోట్లే ఉంటుంది. ఆ గట్టున మనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటే, మన కంటికి కనబడని ఎన్నో ప్రాణులు పొదల వెనుక దాహంతో ఎదురుచూస్తుంటాయి. మన శబ్దం మనకు ఉచితమే. దాని ఖర్చు మరొకరు భరిస్తున్నారు.

6. మౌనమే మేలైన చోట్లు

ఇంతవరకు శబ్దం మేలు చెప్పుకున్నాం. ఇప్పుడు మినహాయింపులు చూద్దాం.

ఏనుగులు: ఏనుగుకు వినికిడి చాలా గొప్పది. మన చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్యంగల ధ్వనులతో అవి దూరదూరాల నుంచి మాట్లాడుకుంటాయని 1980లలోనే తెలిసింది. కెన్యాలోని అంబోసెలిలో జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధన మరో అద్భుతం చెప్పింది. తమను ఈటెలతో ఎదుర్కొనే మసాయి తెగ పురుషుల గొంతును అక్కడి ఏనుగులు ఇతర తెగవారి గొంతు నుంచి వేరుగా గుర్తుపట్టి జాగ్రత్తపడతాయి. మసాయి స్త్రీల, బాలుర గొంతుకు అంతగా కలవరపడవు. అంత జ్ఞాపకం, అంత తెలివి ఉన్న జంతువు ముందు కేకలు, టపాకాయలు, రాళ్ళు పనిచేయకపోగా కోపం తెప్పించవచ్చు. ముఖ్యంగా గుంపులో పిల్లలున్నప్పుడు.

2025 ఫిబ్రవరిలో, మహాశివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లా ఓబులవారిపల్లె మండలం గుండాలకోన అడవిలో రాత్రిపూట నడిచివెళుతున్న భక్తులపై ఏనుగులు దాడి చేశాయి. ముగ్గురు మరణించారు. ఏనుగుల సంచారం ఉన్న దారిలో రాత్రి నడవకపోవడమే అసలైన రక్షణ. పగటిపూట కనబడితే ఆగి, మాట తగ్గించి, అవి వెళ్ళేదాకా వెనక్కి తగ్గాలి. వాటి దారికి అడ్డం నిలవకూడదు. సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్ళడం ప్రాణంతో పందెం కాయడమే.

తేనెపట్లు: జలపాతాల దగ్గరి రాతి చరియలకు, పెద్ద చెట్లకు పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. అక్కడ రాయి విసరడం, పొగపెట్టడం, గోల చేయడం తగదు. తేనెటీగలు లేచాయంటే గుంపుగా ఉండటం కాపాడదు. ముఖం కప్పుకుని వీలైనంత త్వరగా దూరం వెళ్ళాలి.

పాములు: పాముకు బయటి చెవి లేదు. నేల అదురును అది బాగా పసిగడుతుంది. గాలిలో వచ్చే కొన్ని శబ్దాలనూ గ్రహిస్తుందని ఇటీవలి ప్రయోగాలు చెబుతున్నాయి. అయినా అరుపు మీద ఆధారపడకూడదు. నేల మీద కర్ర తాటిస్తూ, టార్చి వెలుగులో, అడుగు చూసి వేయడమే దారి. కొన్ని పాములు అదురు తెలిసినా కదలవు.

సఫారీ వాహనం: ఛత్తీస్‌గఢ్‌లోని బార్నవాపారా, అచానక్‌మార్ వంటి చోట్ల వాహనంలో ఉన్నప్పుడు మౌనంగా ఉండమంటారు. కాలినడకన మాట్లాడమని, వాహనంలో మాట్లాడవద్దని చెప్పడంలో వైరుధ్యం లేదు. నడిచేవాడు తన రాకను తెలపాలి. వాహనం చప్పుడే దాని రాకను తెలుపుతుంది. అందులోని వ్యక్తి చూడటానికి వచ్చిన అతిథి.

బోనులోని జంతువు: భిలాయిలో 1972లో ఏర్పడిన మైత్రీ బాగ్ జంతు ప్రదర్శనశాల అక్కడి పిల్లలందరికీ తెలుసు. అడవిలోని జంతువు మన అరుపుకు తప్పుకోగలదు. బోనులోనిది ఎక్కడికి తప్పుకుంటుంది? అందుకే అక్కడ ఈలలు, కేకలు, కమ్మీల మీద కొట్టడం క్రూరత్వమే అవుతుంది.

7. అలవాటు అనే ప్రమాదం

మహాసముంద్ జిల్లా బాగ్‌బాహరా దగ్గర ఘుంచాపాలిలో చండీమాత గుడి ఉంది. సాయంత్రం వేళ అడవి ఎలుగుబంట్లు అక్కడికి వచ్చి భక్తుల చేతుల మీదుగా ప్రసాదం తినడం పేరుపొందిన దృశ్యం. చూడటానికి అది స్నేహంలా ఉంటుంది. కానీ మనిషి గొంతు విని తప్పుకోవలసిన జంతువు, మనిషి గొంతు విని తిండి కోసం దగ్గరికి రావడం నేర్చుకుంటే ఏమవుతుంది? మనం ఇంతసేపు చెప్పుకున్న రక్షణ సూత్రం తలకిందులవుతుంది. అడవిలో పుల్లలు ఏరుకునే మరొకరికి ఆ ఎలుగుబంటి ఎదురుపడినప్పుడు, వాళ్ళ కేక దానికి హెచ్చరికగా వినపడదు. ఒకరి సరదాకు మరొకరు మూల్యం చెల్లించవచ్చు.

8. చట్టం ఏం చెబుతోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. అక్కడ జంతువులను వేధించడం, చెత్త వేయడం కూడా నిషేధమే. జంతువును తరమడం సైతం ఆ చట్టంలోని 'వేట' నిర్వచనంలోకి వస్తుంది. కనుక ఫోటో కోసం కేకలు వేసి జంతువును లేపడం ఆటకాదు.

9. ఎదురుపడితే?

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఎదురుపడవచ్చు. అప్పుడు పరుగెత్తకూడదు. పరుగు వేటగుణాన్ని రేపుతుంది. ఎలుగుబంటి మనకంటే వేగంగా పరుగెత్తుతుంది, చెట్టు కూడా ఎక్కుతుంది. చిరుత ఎదురైతే పిల్లలను వెంటనే ఎత్తుకోవాలి. వంగకుండా, వీపు చూపకుండా, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. ఎలుగుబంటి దూరంలో ఉండి మనల్ని గమనించకపోతే చప్పుడు లేకుండా వచ్చిన దారినే తిరిగిపోవాలి. గమనిస్తే నెమ్మదైన గొంతుతో మాట్లాడుతూ వెనక్కి తగ్గాలి. అది మీదపడితే బోర్లా పడుకుని, వేళ్ళు పెనవేసి మెడ వెనుక భాగాన్ని కాపాడుకోవాలి. ఎలుగుబంటి గాయాలు ఎక్కువగా తలకు, ముఖానికే అవుతాయి.

సారాంశం

అడవిలో శబ్దం ఒక మందు లాంటిది. సరైన చోట, సరైన మోతాదులో వాడితే ప్రాణం కాపాడుతుంది. మోతాదు మించితే విషమవుతుంది. గుంపుగా నడవడం, మలుపుల్లో మాట్లాడటం, పిల్లలను మధ్యలో ఉంచడం, పొద్దు వాలకముందే దిగడం, తిండి పడేయకపోవడం, నీటి దగ్గర, తేనెపట్టు దగ్గర, ఏనుగుల దగ్గర మౌనం పాటించడం. ఈ ఆరింటినీ గుర్తుంచుకుంటే చాలు. గుమ్మంలో ఒక దగ్గు దగ్గి, ఇంటివాళ్ళకు కాస్త వ్యవధి ఇచ్చి, పని చూసుకుని వచ్చేయండి.

ఆలోచించి సమాధానం చెప్పండి

1. వాగు హోరు 56 డెసిబెల్స్ ఉన్నచోట, ఒక మీటరు దగ్గర 80 డెసిబెల్స్ ఉండే కేక ఎంత దూరం వరకు వాగు హోరుకు తగ్గకుండా ఉంటుంది?

2. ఇప్పపువ్వు ఏరేవారికి మీరు ఇచ్చే మూడు సలహాలు రాయండి. ప్రతిదానికీ కారణం చెప్పండి.

3. కాలినడకలో మాట్లాడటం, సఫారీ వాహనంలో మౌనంగా ఉండటం రెండూ సరైనవే. ఎందుకు?

4. మీ ఊరి దగ్గరి కొండదారిలో మలుపులు, వాగులు, తిండి పడేసే చోట్లు గుర్తించి ఒక పటం గీయండి. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో అందులో చూపండి.